గట్టు మీద నింపిన పదకొండు ఫారాలు

ఊరు చచ్చిపోవడం మా అనంతపురం జిల్లాలో చాలామంది చూసుంటారు. వరసగా నాలుగేళ్లు వాన ఎగ్గొడితే చాలు, ఒక్కో ఇంటికీ తాళం పడుతూ వస్తుంది. ఊరు పుట్టడం చూసినవాళ్లు మాత్రం తక్కువ. నేను చూశాను. తొంభైల చివర్లో, ముదిగుబ్బకు అవతల, నీళ్ల ప్రాజెక్టు కింద మునగబోయే ఒక ఊరిని అక్కడికి ఐదు మైళ్ల దూరంలోని రాళ్ల మిట్ట మీదికి తరలించే పనిలో మూడేళ్లు ఉన్నాను. ఆఫీసు భాషలో దాన్ని పునరావాసం అనేవాళ్లు. ఊరి జనం మాత్రం "మమ్మల్ని పీకి నాటతాండారు" అనేవాళ్లు.

ఇప్పుడు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడు, "మీ రోజుల్లో పని సుఖంగా ఉండేది కదా మేడమ్" అంటుంటారు. ఉండేది. అందుకే తప్పులు కూడా సుఖంగానే చేశాం. నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. అది చేయడానికి నాకు పట్టిన సమయం గంటన్నర. సరిచేయడానికి మాత్రం చాలా కాలం పట్టింది, అదీ పూర్తిగా సరి అయిందో లేదో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు నాకు ముప్పై లోపే. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, జూనియర్ అసిస్టెంటుగా చేరాను. ఆ ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నాతోపాటు తిరిగేవాడు ఒక సర్వేయరు. రెండేళ్లలో రిటైర్ కాబోయే మనిషి. తలకు తువ్వాలు, నడుముకు వక్కాకు సంచీ. నన్ను "పాపా" అని పిలిచేవాడు. మా ఇద్దరి మీదా ఒక ఆఫీసరు గారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట కటువు, మనసు మంచిది. కొత్త ఊరి పటం గీయించేటప్పుడు ఆయనే ఒక ఆలోచన చేశారు. వ్యవసాయం, కూలి చేసుకునేవాళ్లకు మామూలు ఇంటి స్థలం. చేతిపని చేసుకునేవాళ్లకు ఊరి చివర ఒక వరస, అందులో రెండింతల స్థలం. "కమ్మరి కొలిమి ఎక్కడ పెట్టుకోవాలి, పడకటింట్లోనా?" అని అడిగారు మమ్మల్ని. అలా అడిగిన ఆఫీసరును నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా ఒకరిద్దరినే చూశాను.

ఎవరికి ఏ వరసలో స్థలం అన్నది తేలేది ఒక ఫారం మీద. అందులో ఇంటి పెద్ద పేరు, ఇంట్లో మనుషులు, పశువులు, చివర్లో "వృత్తి" అని ఒక చిన్న గడి. ఫారం ఇంటికి వెళ్లి నింపాలి, ఇంట్లో ఏముందో కళ్లతో చూసి రాయాలి. అది నియమం. నింపాల్సింది నేను.

మొదటి నెల నియమం ప్రకారమే తిరిగాను. తర్వాత చెనిక్కాయ, అదే వేరుశనగ, పీకే కాలం వచ్చింది. పొద్దు పొడవకముందే ఊరు ఊరంతా చేలల్లో ఉండేది. ఒక వీధికి వరసగా రెండు రోజులు వెళ్లాను, తలుపులకు గొళ్లాలు, అరుగుల మీద కుక్కలు. మూడో రోజు ఎవరో చెప్పారు, ఆ వీధి వాళ్లంతా ఒక రైతు చేలో పీకుడుకు పోయారని. సరే అని చేనికే వెళ్లాను.

గట్టు మీద కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచాను. వాళ్లు నాకు పచ్చి చెనిక్కాయలు ఒలిచి పెట్టారు. మట్టి చేతులు చీర కొంగులకు, పంచెలకు తుడుచుకుని వచ్చి, అడిగినదానికి జవాబు చెప్పి, వేలిముద్ర వేసి మళ్లీ సాళ్లలోకి పోయారు. ఏం పని చేస్తారంటే అందరూ కూలి అన్నారు. రాసుకున్నాను. పదకొండు ఇళ్లు.

వాళ్లలో ఏడో మనిషి ఒక పొడుగాటి ముసలాయన. నెరిసిన మీసాలు, సన్నని చేతులు. "నువ్వేం పని చేస్తావు పెద్దాయనా?" అని అడిగాను. ఆయన సాళ్లలో వంగి ఉన్న మనుషుల వైపు ఒకసారి చూశాడు.

"కనపడ్లేదామ్మా? కూలికొచ్చిండా కదా" అన్నాడు.

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి రాసేశాను. బొటనవేలు నొక్కితే గీతలు సరిగ్గా పడలేదు. రెండోసారి నొక్కించాను, అప్పుడూ అంతే, నున్నగా ఒక నల్ల మచ్చ. ముసలితనం అనుకున్నాను. నలభై ఏళ్లు తడిమట్టి మీద ఆడిన వేళ్లకు గీతలు మిగలవని నాకు తోచలేదు. నాలుగు గంటల బస్సు అందుకోవాలన్న ధ్యాస ఒక్కటే ఉంది. అందుకున్నాను. కిటికీ పక్క సీటు కూడా దొరికింది. మూడు రోజుల పని ఒక్క పూటలో చేశానని ఆ సాయంత్రం నాకు నేనే సంబరపడ్డాను.

ఆ తర్వాత కొద్ది రోజులకు చేతిపనులవాళ్లకు పెద్ద స్థలాలన్న సంగతి ఊళ్లో పొక్కింది. అంతే, ఊళ్లో దర్జీలు పుట్టుకొచ్చారు. మొదట ఒకాయన వచ్చి, "మేడమ్, నేను గుడ్డలు కుట్టేటోన్ని, రాసుకునేది మరిచినారు" అన్నాడు. ఇంటికి వెళ్లి చూశాం, కుట్టు మిషను ఉంది. రాసుకున్నాం. మర్నాడు ఇంకొకాయన. ఆయన ఇంట్లోనూ మిషను ఉంది. మూడో ఇంటికి పోయేసరికి సర్వేయరు మిషను ముందు గొంతుక్కూర్చుని, వక్కాకు నములుతూ దాన్నే చూస్తున్నాడు.

"ఏమప్పా, నిన్న ఆ పైవీధిలో చూసిన మిషనుకు కూడా సొరుగు లేదు. సూదిలో ఎర్రదారమే ఉండె. ఇది నీ మిషనేనా, లేకుంటే దానికి కవల పిల్లా?" అన్నాడు.

ఆ ఇంటాయన తల గోక్కున్నాడు. "బాడుక్కు తెచ్చిండామన్నా" అని ఒప్పుకున్నాడు.

ఆఫీసులో ఆ సంగతి చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వాం. ఆఫీసరు గారు కూడా మొదట నవ్వారు. తర్వాత ఆలోచించుకున్నట్టున్నారు, ముఖం మారింది. మంచి ఉద్దేశంతో తాను పెట్టిన ఏర్పాటును ఆటగా మార్చారని ఆయనకు కోపం. ఇంతవరకు రాసిన వృత్తే ఖాయం, ఇకమీదట మార్పులు లేవని ఉత్తర్వు వేశారు. జాబితా పాత ఊరి బడి గోడకు అంటించాం. అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువు. చదవగలిగినవాళ్లు చదువుకున్నారు. చదవలేనివాళ్లు గోడకు కాగితం అంటించారని మాత్రం తెలుసుకున్నారు.

కొత్త ఊరు మెల్లగా లేచింది. ముందు సున్నపు గీతలు, ఆ తర్వాత రాతి పునాదులు. ఇళ్లు పూర్తి కాకముందే మనుషులు రావడం మొదలయింది. అందరికంటే ముందు వచ్చినవాడు పట్ట కట్టి టీ కొట్టు పెట్టుకున్నవాడు. ఆ వెంటనే కమ్మరి. మేస్త్రీల ఉలులకు మొన పెట్టాలి కాబట్టి ఆయన పని మొదటి రోజు నుంచే నడిచింది, ఇంటికి కప్పు పడకముందే కొలిమికి కప్పు పడింది. మంగలి నేలలో పాతిన ఒక రాతి కూసానికి అద్దం కట్టి, కుర్చీ వేసుకున్నాడు. కొత్త ఊరిలో మొదట గడ్డం గీయించుకున్నది మా సర్వేయరే. చాకలివాళ్లు నీళ్లు లేని చోటికి వచ్చి ఏం చేస్తామని ఆగారు. గొర్రెలవాళ్లది వేరే కష్టం. వాళ్లు వచ్చారు గానీ మందలు రాలేదు. సాయంత్రం అయ్యేసరికి గొర్రెలు వాటంతటవే పాత ఊరివైపు నడక పట్టేవి, కాపరులు వెనకాల పరుగు. ఇదంతా నాకు వేడుకగా ఉండేది. ఒక ఊరు నిలబడాలంటే ఎన్ని రకాల చేతులు కావాలో మొదటిసారి లెక్క వేసుకుంటూ తిరిగేదాన్ని. కుండలు చేసే మనిషి ఏడని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు. కడవ లేని ఊరు ఉంటుందా అని అడిగేవాళ్లు కూడా నా పక్కన లేరు.

పట్టాలు పంచే రోజు వచ్చింది. మిట్ట మీద షామియానా, బల్ల, మూడు కుర్చీలు. ఆఫీసరు గారు మధ్యలో, ఒక పక్క నేను జాబితాతో, ఇంకో పక్క సర్వేయరు పటంతో. మనుషులు వస్తున్నారు, వేలిముద్ర వేస్తున్నారు, కాగితం తీసుకుని కళ్లకద్దుకుని పోతున్నారు. మధ్యాహ్నానికి ఆ పొడుగాటి ముసలాయన వంతు వచ్చింది. ఆయనకు మూడో వరసలో, రెండిళ్ల మధ్య స్థలం. సర్వేయరు పటంలో చూపించాడు. ఆయన కాసేపు పటాన్ని, తర్వాత ఎదురుగా సున్నపు గీతల్ని చూశాడు.

"సామీ, దీంట్లో ఆవం యాడ పెట్టుకునేది?" అన్నాడు. "కుండలు కాల్చేకి జాగా కావాల కదా. రెండు పక్కలా ఇండ్లే ఉండాయి. రవ్వ ఎగిరితే వాళ్ల వాములు అంటుకుంటాయి."

ఆఫీసరు గారు నా జాబితాలో వేలు పెట్టి చూశారు. "నీది కూలి అని ఉంది కదయ్యా."

"కూలికీ పోతా సామీ. కుండలూ చేస్తా."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

ఆయన సున్నపు గీతల వైపే చూశాడు. వెనక నుంచి ఒక రైతు, "ఆయప్ప కుమ్మరే సార్, మా ఇంట్లో సంగటి ఉడికింది ఈయప్ప కుండల్లోనే" అన్నాడు. "దర్జీల గురించి కూడా మీరంతా ఇలాగే సాక్ష్యం చెప్పారు" అన్నారు ఆఫీసరు గారు. ఆ రైతు తల దించుకున్నాడు. చెప్పినవాళ్లలో ఆయనా ఒకడు.

ముసలాయన భార్య గుంపులోంచి బయటికి నడిచింది. ఆ రోజే కాపురం మార్చుకుందామని వాళ్ల సామానంతా ఎడ్లబండి మీద తెచ్చుకున్నారు, బండి షామియానా అవతలే ఉంది. ఆమె గోనెపట్ట లాగిపడేసింది. ఇద్దరు మగవాళ్లు సాయం పట్టారు. బండి చక్రమంత సారెను కిందికి దించి, దొర్లించుకుంటూ తెచ్చి మా బల్లకు ఆనించారు.

"కుండలు చేసే సారె సామీ ఇది. కూలోళ్ల ఇంట్లో ఇట్లాటిది యాడన్నా చూసినావా?" అంది ఆమె. రొప్పుతోంది.

వెనకాల ఎవరో గొంతు మార్చి అరిచారు. "కుట్టు మిషనాయె, ఇంగ సారె వచ్చె!"

గుంపంతా గొల్లుమంది. అందులో చెడ్డ ఉద్దేశం లేదు, ఊరికి ఆ మిషను కథ అప్పటికి సామెతయింది. కానీ ఆమె ముఖం ఎలా అయిపోయిందో నేను దగ్గర నుంచి చూశాను. ఆఫీసరు గారికి కూడా నవ్వు వచ్చినట్టుంది, ఆపుకున్నారు.

"సరే, పెద్దాయనా. నీదే అయితే ఇక్కడే ఒక కుండ చేసి చూపించు. ఇప్పుడే మార్చి రాస్తాను" అన్నారు.

ఆయన న్యాయమైన మాట అనుకునే అన్నారు. నాకూ అలాగే అనిపించింది, పైగా గుండె కుదుటపడింది. ఎవరో నీళ్ల కోసం బిందె తీసుకుని ఉరికారు కూడా. ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"వద్దు సామీ. నలభై ఏండ్లుగా ఈ ఊర్లో పెండ్లికీ చావుకీ కుండ ఇచ్చినోన్ని. సంతలో కోతిని ఆడించినట్ల నన్నీడ ఆడించొద్దు. రాసిన అమ్మ నీ పక్కనే కూచోనుండాది. ఆమెనడుగు."

అందరూ నావైపు తిరిగారు. ఆఫీసరు గారు కూడా. ఆయన కళ్లలో కోపం లేదు, జవాబు కోసం చూస్తున్నారంతే. నేను చెప్పాల్సింది ఒక్క మాట. ఈయన ఇంటికి నేను వెళ్లలేదు సార్, అని. అది చెబితే పదకొండు ఇళ్ల సంగతీ బయటికొస్తుంది. ఊరి ముందు, ఆఫీసరు ముందు, నేను బస్సు కోసం నియమం తప్పినదాన్నవుతాను. ఇంత లెక్క ఆ ఒక్క క్షణంలో వేసుకున్నాను. లెక్కల్లో నేను చురుకు.

"ఆ రోజు ఆయనే కూలి అని చెప్పారు సార్" అన్నాను.

అబద్ధం కాదది. ముసలాయన నావైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"నిజమేమ్మా. నేనే చెప్పినా" అన్నాడు. వంగి వేలిముద్ర వేశాడు. మళ్లీ ఆ నల్ల మచ్చే పడింది. కాగితం మడిచి తలగుడ్డలో పెట్టుకుని, భార్యతో, "పా, బండికెక్కిద్దాం" అన్నాడు. తెచ్చేటప్పుడు పట్టిన మగవాళ్లే మళ్లీ పట్టారు. ఆమె మాత్రం మా బల్ల దగ్గరే కాసేపు నిలబడింది. ఏదో అంటుందని చూశాను. కొంగు బిగించుకుని బండి వైపు నడిచింది.

తిరుగు దారిలో జీపు వెనక సీట్లో సర్వేయరూ నేనూ. ఆయన సంచీ విప్పి వక్కాకు నోట్లో వేసుకున్నాడు. తర్వాత మెల్లగా, డ్రైవరుకు వినపడకుండా అన్నాడు. "పాపా, ముప్పయ్యేండ్లు గొలుసు పట్టి భూమి కొలిచినా. గొలుసు తప్పు చెప్పదు. దాని మొదలు మనం యాడ పట్టుకుంటిమో చూసుకోవాల, అంతే."  

మర్నాడు ఆదివారం. మా నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. ఆయన పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. మొదట్నుంచీ, గట్టు సంగతితో సహా. ఆయన నాడె విసరడం ఆపలేదు. అంతా అయినాక, "నువ్వు చిన్నప్పుడు మన ఇంటికి లెక్కలు రాసుకునేటోడు ఒకడొచ్చినాడు" అన్నాడు. "పట్టు ఎవరిదని అడిగినాడు. సావుకారిదంటి. చీర ఎవరికి పోతాదన్నాడు. సావుకారికేనంటి. అట్లయితే కూలి అని రాసుకున్నాడు."

"నువ్వేం చేసినావు నాయనా?"

"ఏం చేస్తా? గుంటలోకి దిగితి, నేసుకుంటి." తెగిన పోగు ఒకటి ముడి వేశాడు. తర్వాత మళ్లీ అన్నాడు. "ఆయప్పది తప్పని కాదులే. మంచోడే. ఏమో బస్సుకు పొద్దయిందన్నాడు."



సోమవారం ఆఫీసుకు వెళ్లగానే తెల్లకాగితం తీసుకుని రాశాను. ఫలానా వీధిలోని పదకొండు ఇళ్లకు నేను వెళ్లలేదు, చేని గట్టు మీద కూర్చుని ఫారాలు నింపాను, ఆ పదకొండు ఫారాలూ నమ్మదగినవి కావు. సంతకం పెట్టి ఆఫీసరు గారి ముందుంచాను. ఆయన రెండుసార్లు చదివారు.

"పదకొండూనా? కుమ్మరి ఒక్కడి సంగతి రాస్తావనుకున్నాను."

"ఆయన ఒక్కడి సంగతే రాస్తే మళ్లీ సగమే చెప్పినట్టవుతుంది సార్."

"ఇది ఫైల్లో పెడితే నీకు మెమో ఇవ్వాల్సింది నేనే. తెలుసు కదా?"

"తెలుసు సార్. ఇవ్వండి" అన్నాను. ధైర్యంగా అన్నానని రాసుకోవాలని ఉంది గానీ, బయటికొచ్చి రికార్డు గదిలో బీరువా వెనక నిలబడి ఏడ్చాను. సర్వేయరు తలుపు దగ్గరికి వచ్చి, చూసి, ఎవరూ లోపలికి రాకుండా తలుపు దగ్గరగా వేసి పోయాడు.

వారం తర్వాత మళ్లీ విచారణకు ఉత్తర్వు వచ్చింది. ఈసారి సర్వేయరుతో కలిసి పదకొండు ఇళ్లకూ నడిచాను. ఏం పని చేస్తారని అడగలేదు. వానలకు ముందు ఏం చేస్తారు, పంట ఇంటికొచ్చినాక ఏం చేస్తారు, ఎండాకాలం ఎట్ల గడుస్తుంది, ఇలా ఏడాది పొడుగునా అడిగాను. ఇళ్లలోకి వెళ్లి చూశాను. కూలి అని నేను రాసిన ఒక ఇంట్లో కంబళి నేసే మగ్గం కనిపించింది, సగం నేసిన నల్ల కంబళి దాని మీదే ఉంది. ఇంకో ఇంటి వెనక ఈతాకు మోపులు, అల్లిన చాపలు. మూడో ఇంట్లో ఒక నడివయసు ఆమె. రోళ్లకు, విసుర్రాళ్లకు అరిగిపోయిన గాట్లు మళ్లీ కొట్టడం ఆమె పని. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. ఉలి, సుత్తి ఎప్పుడూ చీర కొంగులో మూట కట్టుకునే ఉంటుంది.

"ఆ రోజు చేన్లో కూడా కొంగులో ఉండెనా?" అని అడిగాను.

"ఉండెమ్మా. నీ పక్కనే కూచోని ముద్ర వేస్తి కదా." ఆమె నవ్వింది. "ఇదీ ఒక పనేనని రాసుకుంటారా? ఎవురూ అడగలే, నేనూ అనుకోలే."

కుమ్మరి వాళ్లు పట్టాల రోజే బండి తిప్పుకుని పాత ఇంటికి వచ్చేశారు. నేను వెళ్లేసరికి ఆయన లేడు. వీధి మలుపు అవతల, గొళ్లాలు చూసి వెనుదిరిగిన నేను ఎన్నడూ తొంగిచూడని మూలలో ఉంది ఆ ఇల్లు. పెరట్లో కాలిన మట్టి, బూడిద, ఓటి కుండల గుట్ట. ఎన్ని తరాల గుట్టో, నా నడుమంత ఎత్తుంది. బస్సు దిగినప్పుడు నాలుగడుగులు ఇటు వేసి ఉంటే చాలు, ఫారమే అక్కర్లేదు. ఆయన భార్య పీట వేసింది, నీళ్లిచ్చింది. రాసుకున్నంతసేపూ దూరంగా నిలబడి చూసింది. "ఈసారన్నా సరిగ్గా రాసినావా?" అని అడిగింది. చదివి వినిపించాను. తల ఊపింది.

స్థలం మాత్రం సులభంగా దొరకలేదు. చేతిపనుల వరస నిండిపోయింది, అందులో ఇద్దరు దర్జీలు కూడా ఉన్నారు, రాసినది మార్చకూడదన్న ఉత్తర్వు వాళ్లనూ కాపాడింది. సర్వేయరు రెండు రోజులు పటం పరుచుకుని కూర్చున్నాడు. చివరికి మా ఆఫీసు వాళ్లు వచ్చినప్పుడు బస చేయడానికని ఉంచిన స్థలం మీద వేలు పెట్టాడు. "ఇది కట్టేదీ లేదు, మనం పండుకునేదీ లేదు సార్" అన్నాడు. ఆఫీసరు గారు ఒప్పుకున్నారు. అందులో ఆ నలుగురికీ స్థలాలు కొలిచి రాళ్లు పాతించాం. గాలి ఊరివైపు తిరగని కొసన కుమ్మరికి.

నాకు మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను, ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. ఆఫీసరు గారు ఆ కాగితం నా చేతికిస్తూ నా ముఖంలోకి చూడలేకపోయారు. నేనే ఆయన్ను ఓదార్చాల్సి వచ్చింది.

కొత్త స్థలం వచ్చాక కుమ్మరికి ఇంకో కష్టం. మిట్ట మీద అంతా గరుసు నేల, కుండకు పనికొచ్చే మట్టి లేదు. ప్రాజెక్టు నీళ్లు వచ్చి ముంచేలోపు పాత ఊరి చెరువు మట్టిని తోలుకోవాలని మొగుడూ పెళ్లాం ఇద్దరూ పడిన పాటు ఊరంతా చూసింది. రోజుకు రెండు బండ్లు. ఇంటి ముందు ఇల్లంత మట్టి కుప్ప లేచింది. జనం నవ్వారు. తర్వాత జరిగింది చూస్తే ఇంకా నవ్వాలి. అంత హడావుడిగా ఊరిని ఎత్తించిన ఆ ప్రాజెక్టులోకి వరసగా కరువొచ్చి ఏళ్ల తరబడి నీళ్లే రాలేదు. కుమ్మరి తీరిగ్గా వెళ్లి మట్టి తెచ్చుకుంటూనే ఉన్నాడు. ఆలోపు నన్ను ఉరవకొండ వైపు బదిలీ చేశారు.

మళ్లీ ఆ ఊరికి వెళ్లింది ఆరేడేళ్ల తర్వాత, వేరే ఆఫీసు పని మీద. నేను కొలత రాళ్లు చూసిన మిట్ట మీద అప్పటికి వీధులు, బడి, రెండు టీ కొట్లు. సర్వేయరు రిటైరయి వాళ్ల ఊళ్లో ఉంటున్నాడు. పని ముగించుకుని కొసకు నడిచాను. కుమ్మరి ఆవం పేరుస్తున్నాడు. ఆరిన కుండలను ఒకదాని మీద ఒకటి పేర్చి, సందుల్లో కంప, చెనిక్కాయ పొట్టు కూరుతున్నాడు. బాగా వంగిపోయాడు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, "రామ్మా" అని, కాఫీ పెట్టేదానికి లోపలికి పోయింది.

ఆయన నన్ను చూశాడు గానీ పని ఆపలేదు. మాట్లాడడేమో అనుకుని వెనుదిరగబోయాను.

"నీ మీద కాగితమేదో వచ్చిందంట కదా, అప్పుడు" అన్నాడు.

"పెద్దదేం కాదులే పెద్దాయనా."

"సర్వేయరు సారు చెప్పిపోయినాడులే." ఒక కుండను తిప్పి చూసి, పక్కన పెట్టాడు. "నీకు ఆ పొద్దే చెప్పాల్సింది. చెప్పలే. ఆ యేడు ఒక్క కడవ అమ్ముడుపోలేదమ్మా. ప్లాస్టిక్ బిందెలొచ్చె. సంతకు పోయిన బండి పోయినట్లే తిరిగొచ్చె. ఆ చేన్లో నా పక్కన పీకుతాండినోళ్లందరికీ అది తెలుసు. వాళ్ల ముందర నేను కుమ్మరోన్నని చెప్పేకి నోరు రాలే. సిగ్గయింది. అందుకే కూలి అంటి. నువ్వు ఇంగోసారి అడిగున్నా అదే చెప్పుంటినేమో."

 అంతకాలం ఆ గట్టు మీది తప్పంతా నాదేననుకుని మోశాను. ఇప్పుడు ఆయన అందులో తన వంతు తీసుకుంటుంటే, వద్దనడానికి గానీ తీసుకోమనడానికి గానీ నోరు రాలేదు.

"ఇంగ ఎన్ని ఉండాయి?" అన్నాను చివరికి, కుండల వైపు చూసి.

"ఒక ముప్పై ఉంటాయి. ఊరికే నిలబడకుంటే అవి ఇట్లందియ్యమ్మా. పొద్దు పోతాంది."

సంచీ పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు బిగించుకుని, ఒక్కో కుండా అందించాను. కాల్చని కుండ బరువు నాకు తెలియదు. చూడటానికి తేలిక, చేతిలోకి వచ్చాక జారుతుంది. ఏడో ఎనిమిదో అందిస్తుంటే ఒకటి పట్టు తప్పి, ఆయన కాళ్ల దగ్గర పడి పగిలింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన కిందికి చూడలేదు. చెయ్యి వెనక్కి చాచి, "ఇంగోటియ్యి" అన్నాడు.